అతనెవరో చెప్పని పాట: క్రాన్‌బెర్రీస్ తొలి రోజుల మీద ఒక కేస్ స్టడీ

కొత్త బ్యాండ్‌లతో కూర్చుని వాళ్ల పాటలు సరిచేయడం నా పని. మాట, బాణీ, గొంతు, అవసరమైతే రికార్డింగ్ దాకా. వచ్చేవాళ్లు ఎక్కువగా ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. పాట ఇంకా కుదరలేదని చెప్పగానే దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "కానీ అన్నా, ఇది నిజంగా జరిగింది." జరిగిందన్న విషయంలో నాకు అనుమానం ఉండదు. అది వినేవాడికి ఎందుకు పట్టాలి అన్నదే ప్రశ్న. అక్కడ మాట ఆగిపోయినప్పుడు నేను చెప్పే కేసు ఐర్లండ్‌లోని లిమరిక్ నగరం నుంచి వచ్చిన 'ది క్రాన్‌బెర్రీస్'.

ఈ బ్యాండ్‌నే ఎంచుకోవడానికి వాళ్ల పేరు ప్రఖ్యాతులు కారణం కాదు. సొంత అనుభవం పాటగా మారిన ప్రతి దశా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. బాణీ ఎవరిదో, మాట ఎవరిదో తెలుసు. తొలి రికార్డు ఎలా దెబ్బతిందో తెలుసు. అదే రచయిత్రి కొన్నేళ్ల తర్వాత ఎక్కడ తడబడిందో కూడా తెలుసు. గెలిచిన పాటలు మాత్రమే ఉన్న కేసుతో నేర్పడం కష్టం. ఇందులో రెండూ ఉన్నాయి.

నేపథ్యం

1989లో లిమరిక్‌లో నోయెల్ హోగన్, మైక్ హోగన్ అనే అన్నదమ్ములు, డ్రమ్స్ వాయించే ఫెర్గల్ లాలర్, గాయకుడు నియల్ క్విన్ కలిసి బ్యాండ్ మొదలుపెట్టారు. నోయెల్‌ది గిటార్, మైక్‌ది బేస్. మైక్‌కి అప్పటికి 16 ఏళ్లు. పేరు 'ది క్రాన్‌బెర్రీ సా అస్'. గబగబా పలికితే క్రాన్‌బెర్రీ సాస్ అని వినపడుతుంది, అదీ జోకు. బ్యాండ్ పేరులో ఇంత వెటకారం ఉంటే పాటల్లో ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. 1990లో క్విన్ వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురికీ వాయిద్యాలున్నాయి, బాణీలున్నాయి, పాడేవాళ్లు లేరు.

అప్పుడు వచ్చింది డొలోరెస్ ఓరియోర్డన్. లిమరిక్ పక్కనున్న బాలీబ్రికెన్ అనే పల్లెటూరి అమ్మాయి, 1971 సెప్టెంబర్‌లో పుట్టింది. పెద్ద కుటుంబంలో అందరికన్నా చిన్నది. తండ్రి వ్యవసాయ కూలీ. 1968లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి ఆయన మళ్లీ పనిలోకి వెళ్లలేకపోయాడు. ఇల్లు తల్లి సంపాదన మీద నడిచింది. డొలోరెస్‌కి చర్చి పాటలు, ఆర్గన్, ఐరిష్ టిన్ విజిల్ చిన్నప్పుడే అలవాటయ్యాయి. గొంతును ఒక్కసారిగా పైకి విరిచే పద్ధతి ఇంట్లో తండ్రి పాడుతుంటే పట్టుకున్నానని ఆమే చెప్పేది. బ్యాండ్‌లోకి వచ్చేనాటికి ఆమెకి 18.

పాట ఎలా పుట్టింది

నన్ను ఈ కేసులో ఎక్కువసేపు ఆపేసేది ఈ దశే. తమను వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయికి నోయెల్ ఒక క్యాసెట్ ఇచ్చాడు. అందులో గిటార్ వరస ఉంది, మాటల్లేవు. కొద్ది రోజుల్లోనే ఆమె మాటలతో, గొంతు బాణీతో తిరిగొచ్చింది. అదే 'లింగర్'.

తెలుగులో పాటలు రాసేవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు. ముందు ట్యూన్ వస్తుంది, తర్వాత డమ్మీ మాటలు, ఆ మీటర్‌లోకి అసలు మాటలు. మన సినిమా పాట చాలావరకు ఇలాగే తయారవుతుంది. ఇండిపెండెంట్ బ్యాండ్ పిల్లలకు మాత్రం దీని మీద చిన్నచూపు ఉంటుంది. ట్యూన్‌కి రాస్తే సొంతం కాదని, మనసులోంచి వచ్చిన మాటకే బాణీ కట్టాలని వాళ్ల నమ్మకం. 1990ల నుంచి ఇప్పటిదాకా ఐర్లండ్ నుంచి వచ్చిన అతి వ్యక్తిగతమైన పాటల్లో ఒకటి ఇంకొకరి ట్యూన్‌కి రాసిందని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

బాణీ ముందే ఉండటం ఆమెకి మేలే చేసిందని నా అభిప్రాయం. ఆ పాటంతా డి, ఎ, సి, జి అనే నాలుగు కార్డ్‌ల, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల, చుట్టూ తిరుగుతుంది. చరణంలోనూ అవే, పల్లవిలోనూ అవే. కింద ఏదీ మారనప్పుడు పల్లవి పైకి లేవాలంటే ఆ పని గొంతే చేయాలి, మాటే చేయాలి. నాలుగు కార్డ్‌లలో కథ మొత్తం చెప్పడానికి చోటుండదు. చోటు లేకపోవడంతో ఏది ఉంచాలో తేల్చుకోక తప్పదు.

ఇక అనుభవం సంగతి. ఆమెకి 17 ఏళ్లప్పుడు ఊళ్లో డిస్కోకి వెళ్లినప్పుడు ఒక కుర్ర సైనికుడితో పరిచయమైంది. తొలి ముద్దు అతనిదే. తర్వాత అందరూ చూస్తుండగా అతను తనను కాదని ఇంకో అమ్మాయితో కనిపించాడు. ఇదంతా ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన విషయమే. ఆ వయసులో ప్రతీదీ పెద్ద విషయంలాగే అనిపిస్తుందని, అదంతా పాటలో పోశానని ఆమె నవ్వుతూ చెప్పుకునేది.

ఇప్పుడు పాట వినండి. సైనికుడు లేడు. డిస్కో లేదు, ఊరు లేదు, ముద్దు లేదు. జరిగిన రాత్రిలోంచి పాటలోకి వచ్చిన దృశ్యం ఒక్కటే: అతను ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉండటం. మిగతాదంతా అతనితో ముఖాముఖి మాట. ఎందుకిలా చేశావని అడుగుతుంది, అబద్ధం ఆడావా అని అడుగుతుంది. అక్కడితో ఆగి ఉంటే అది మామూలు ఫిర్యాదు పాట. ఆమె ఇంకో అడుగు వేసి, ఇంత జరిగినా నీ విషయంలో నేను పిచ్చిదాన్నే, నీ గుప్పిట్లోంచి బయటికి రాలేకపోతున్నాను అని ఒప్పేసుకుంటుంది. అతని తప్పు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు. అవమానం జరిగాక కూడా తనలో ఆశ చావలేదని ఊరందరి ముందు పాడటానికే ధైర్యం కావాలి.

పిల్లలు తెచ్చే పాటల్లో నాకు దొరకనిది ఇదే. వాళ్లు అవతలివాళ్లు ఏం చేశారో చాలా వివరంగా రాస్తారు. ఏ కాఫీ షాపు, ఏ మెసేజ్, బ్లూ టిక్ ఎప్పుడు పడింది, అన్నీ ఉంటాయి. తాము ఎక్కడ చిన్నబోయారో, ఇంకా దేనికోసం ఎదురుచూస్తున్నారో ఉండదు. వివరాలన్నీ నిజమే అయినా పాట మాత్రం వాదనలా వినిపిస్తుంది.

గొంతు, యాస

ఆమె లిమరిక్ యాసలోనే పాడింది. అచ్చులు పలికే తీరులో, పదం చివర గొంతు విరిగే తీరులో ఆ ఊరు వినపడుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌లో పాప్ పాడేవాళ్లలో చాలామంది, వాళ్ల ఊరు ఏదైనా, అమెరికన్ ఉచ్చారణలోకి జారిపోయేవారు. ఆమె జారలేదు. ఇది పాటలో ఎంత పని చేస్తుందంటే, ఊరి పేరు చెప్పకపోయినా ఈ అమ్మాయి ఎక్కడినుంచో వచ్చిందని వినేవాడికి తెలిసిపోతుంది. మాటల్లో తీసేసిన వివరం గొంతులో మిగిలింది.

మన దగ్గర తెలంగాణ యాసలోనో, ఉత్తరాంధ్ర యాసలోనో ఇంట్లో మాట్లాడే పిల్లలు మైక్ ముందుకు రాగానే సినిమా ట్రాక్ సింగర్ తెలుగులోకి మారిపోతారు. రాసింది సొంత అనుభవం, పాడింది ఎవరి గొంతో. జానపదం పాడితే మాత్రం యాస వచ్చేస్తుంది, ప్రేమ పాటలోకి రానివ్వరు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో చిన్న సంగతి: ధైర్యమైన మాట రాసిన మనిషి ధైర్యంగా నిలబడి పాడాలని ఏమీ లేదు. తొలినాళ్ల ప్రదర్శనల్లో సిగ్గుతో ఆమె జనం వైపు తిరగకుండా పక్కకో వెనక్కో తిరిగి పాడేది. స్టేజ్ మీద బిగుసుకుపోయే పిల్లలకు ఈ విషయం చెబితే టెన్షన్ కాస్త తగ్గుతుంది.

దెబ్బతిన్న తొలి రికార్డు

ముందు స్థానిక రికార్డు కంపెనీ జెరిక్ రికార్డ్స్ మూడు పాటల క్యాసెట్ విడుదల చేసింది. 300 కాపీలు అమ్ముడయ్యాయి. తర్వాత 'లింగర్', 'డ్రీమ్స్' తొలి రూపాలున్న డెమో టేప్ ఇంగ్లండ్ కంపెనీలకు వెళ్లింది. లండన్ సంగీత పత్రికలు పొగిడాయి, కంపెనీలు పోటీపడ్డాయి, చివరికి ఐలాండ్ రికార్డ్స్ దక్కించుకుంది. ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లల మీద అంత ఆశ ఒక్కసారి పడింది. 1991లో వచ్చిన 'అన్‌సర్టెన్' అనే నాలుగు పాటల రికార్డు ఆ ఆశను నిలబెట్టలేకపోయింది. పొగిడిన పత్రికలే పెదవి విరిచాయి. అప్పటి మేనేజరే రికార్డింగ్ నిర్మాత కూడా. ఆయనతో సంబంధం తెగిపోయింది, బ్యాండ్ దాదాపు విడిపోయే దాకా వచ్చింది.

తర్వాత రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ వ్యవస్థాపకుడు జెఫ్ ట్రావిస్ మేనేజర్‌గా వచ్చాడు. తొలి ఆల్బమ్ కోసం నిర్మాత స్టీఫెన్ స్ట్రీట్‌ని పిలిచారు. ఇంగ్లిష్ బ్యాండ్ ది స్మిత్స్‌తో పనిచేసినవాడు కాబట్టి ఆయనంటే వీళ్లకి ముందునుంచే గురి. డబ్లిన్‌లోని విండ్‌మిల్ లేన్ స్టూడియోలో పాటలు మళ్లీ మొదటినుంచి రికార్డ్ చేశారు.

2018లో ఆ ఆల్బమ్ 25 ఏళ్ల ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. అందులో పాత డెమోలు కూడా చేర్చారు. నేను పిల్లలకు డెమో, ఆల్బమ్ రూపం పక్కపక్కన పెట్టి వినిపిస్తాను. పాట ఆకారం డెమో నాటికే స్థిరపడి ఉంది. ఆల్బమ్‌లో మారింది దాని చుట్టూ ఉన్న శబ్దం. గొంతు ముందుకొచ్చింది, నోయెల్ గిటార్ తీగ తీగా విడివిడిగా వినపడుతుంది, ఆమె గొంతు మీద ఆమె గొంతే పొరలు పొరలుగా పరుచుకుంటుంది. 'లింగర్'లో వయొలిన్లు చేరాయి. అయినా పాడే మనిషికీ మనకీ మధ్య ఏదీ అడ్డం రాదు. గొంతు చుట్టూ ఎకో నింపేస్తే ఈ పాట చచ్చిపోయేది. ఒప్పుకోలు వినపడాలంటే మనిషి దగ్గరగా ఉండాలి.

ఫలితం

'డ్రీమ్స్' 1992లో, 'లింగర్' 1993 ఫిబ్రవరిలో సింగిల్స్‌గా వచ్చాయి. తొలి ఆల్బమ్ 1993 మార్చిలో వచ్చింది. ఇంగ్లండ్‌లో మొదట పెద్దగా కదలిక లేదు. ఆ ఏడాది అమెరికాలో 'ది ద', 'స్వేడ్' అనే బ్యాండ్‌ల ముందు ఓపెనింగ్‌గా తిరిగారు. ఎంటీవీ 'లింగర్' వీడియోను పదే పదే వేసింది. 1994 మొదట్లో పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల జాబితాలో 8వ స్థానానికి, ఐర్లండ్‌లో 3వ స్థానానికి చేరింది. అప్పుడు ఇంగ్లండ్ మళ్లీ తిరిగి చూసింది. 1994లో ఆల్బమ్ అక్కడ నంబర్ వన్ అయింది, అంటే విడుదలైన ఏడాది దాటాక. అమెరికాలోనే 50 లక్షల కాపీలు దాటింది. పాట మారలేదు, జనం చేరడానికి అంత కాలం పట్టింది. విడుదల చేసిన వారానికే యూట్యూబ్ వ్యూస్ చూసి కుంగిపోయే బ్యాండ్‌లకు ఈ తేదీలు బోర్డు మీద రాసి చూపిస్తాను.

తనది కాని బాధ

1993 మార్చి 20న ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో, ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబులు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒకరికి 3 ఏళ్లు, ఇంకొకరికి 12. బ్యాండ్ ఆ రోజుల్లో ఇంగ్లండ్ టూర్‌లో ఉంది. డొలోరెస్ దాని మీద ఒంటరిగా, అకూస్టిక్ గిటార్‌తో 'జాంబీ' రాసింది. 1994లో పాట బయటికొచ్చింది. ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రేలియాలో నంబర్ వన్. మన ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్ట్‌లలో ఇప్పటికీ ఎవరో ఒకరు పాడతారు, దేని గురించో తెలియకుండానే.

ఇది ఆమె సొంత అనుభవం కాదు. ఆమె ఉత్తర ఐర్లండ్‌లో పెరగలేదు, ఎవరినీ పోగొట్టుకోలేదు. తెలియని రాజకీయాల మీద తేలిగ్గా తీర్పు చెప్పిందన్న విమర్శ అప్పుడే వచ్చింది. 2023 రగ్బీ ప్రపంచ కప్‌లో ఐరిష్ అభిమానులు ఆ పాట పాడినప్పుడు చర్చ మళ్లీ రేగింది. ఆ విమర్శలో కొంత పస ఉంది. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఐరిష్ తిరుగుబాటు నుంచి అదే కథ అని పాటలో ఉన్న మాట చరిత్రను మరీ కుదించేస్తుంది.

అయినా పాట నిలబడిందంటే, ఆమె తాను నిలబడ్డ చోటు దాచలేదు కాబట్టి. మొదలుపెట్టడమే ఒక బిడ్డ ప్రాణం పోవడంతో. ఆ వెంటనే ఇది నేను కాదు, నా కుటుంబం కాదు అని విడదీసుకుంటుంది. బాధితురాలి వేషం వేసుకోలేదు. వార్త విని కోపం వచ్చిన మనిషిగానే పాడింది. ఆ కోపం మాత్రం పూర్తిగా ఆమెదే. కార్డ్‌లు ఇక్కడా నాలుగే, చరణానికీ పల్లవికీ అవే. గిటార్లకు డిస్టార్షన్ (గరగరలాడే శబ్దం) ఎక్కించమని, డ్రమ్స్ గట్టిగా కొట్టమని పట్టుబట్టింది ఆమే.

1996లో వచ్చిన మూడో ఆల్బమ్ దగ్గర ఈ లెక్క తప్పింది. అందులో బోస్నియా యుద్ధం మీద ఒక పాట, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య మీద ఇంకో పాట ఉన్నాయి. అమ్మకాలు బాగానే ఉన్నా విమర్శకులు గట్టిగా ఉతికారు. నేనూ వాళ్ల పక్షమే. బోస్నియా పాటలో జాలి ఉంది, జాలిపడే మనిషి ఎక్కడ కూర్చుని చూస్తోందో లేదు. లెనన్ పాటలో తెలిసిన వార్తే మళ్లీ వినపడుతుంది. చిత్రం ఏమిటంటే, ఆ ఆల్బమ్‌ను ఆమె, చనిపోయిన తన తాతకీ, తమను ఐలాండ్‌లో చేర్చుకున్న డెన్నీ కోర్డెల్‌కీ అంకితం ఇచ్చింది. దూరమైన మనిషి లేని లోటు మీద అందులో ఉన్న 'వెన్ యూ ఆర్ గాన్' నేటికీ వింటున్నారు. ఒకే రచయిత్రి, ఒకే ఏడాది, ఒకే స్టూడియో పని. వార్తల పాటలు మసకబారాయి, ఇది మిగిలింది.

చెప్పకుండా దాచుకునే హక్కు

చిన్నతనంలో తాను లైంగిక వేధింపులకు గురయ్యానని డొలోరెస్ 2013లో బయటికి చెప్పింది. తొలి ఆల్బమ్ వచ్చిన 20 ఏళ్లకు. 2017లో తన బైపోలార్ అనే మానసిక సమస్య గురించీ మాట్లాడింది. అంటే సొంత జీవితంలోంచి రాస్తుందని ప్రపంచం మెచ్చుకున్న ఆ తొలి పాటల నాటికి, ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద గాయం జనానికి తెలియనే తెలియదు. దాంతో ఆ పాటలు అబద్ధమైపోయాయా? కాలేదు.

ఈ భాగం నేను గ్రూప్‌లో అందరి ముందు ఎప్పుడూ ఎత్తను. ఒక్కో పిల్లతో, పిల్లాడితో విడిగా కూర్చున్నప్పుడు, అవసరమైతేనే. ఎందుకంటే నిజాయితీ పాట అనగానే తమలోని అన్నిటికన్నా నొప్పి పెట్టేదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు. అలా పెట్టమని అడిగే ట్రైనర్లూ ఉన్నారు. నాకది నచ్చదు. పాట బయటికి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోలేం. ఇంట్లోవాళ్లు వింటారు, కాలేజీలో వింటారు, కింద కామెంట్లు పడతాయి. డిస్కోలో జరిగిన అవమానం చాలు ఒక గొప్ప పాటకి.

మా దగ్గర దీన్ని ఎలా వాడతాం

ముందు జరిగింది మొత్తం మామూలు వచనంలో, ఎంత పొడుగైనా సరే, రాయమంటాను. తర్వాత అందులోంచి కంటితో చూసిన దృశ్యం ఒక్కటే ఉంచమంటాను, చెయ్యి పట్టుకోవడం లాంటిది. వాడు, ఆమె అని ఉన్న చోటల్లా నువ్వు అని మార్చి, ఎదురుగా నిలబడి అంటున్నట్టు చదవమంటాను. ఇక్కడే సగం వాక్యాలు వాటంతటవే రాలిపోతాయి. ముఖం మీద అనలేని మాటలు, కేవలం మనకి తెలియాలని రాసిన సమాచారం, నిలబడవు. ఆఖరున ఒకటే అడుగుతాను: ఇందులో నీకు సిగ్గుగా అనిపించే వాక్యం ఏది? అది లేకపోతే వెతకాలి. ఉంటే పల్లవిలో పెట్టాలి. బ్యాండ్‌లో ఇంకొకరు కట్టిన ట్యూన్ మీదే ఇదంతా చేయాలన్నది నియమం. సొంత ట్యూన్ అయితే మాట కోసం బాణీని సాగదీసేస్తారు.

సింగర్-సాంగ్‌రైటర్ పద్ధతిలో పాడేవాళ్లకు, గిటార్ బ్యాండ్‌లకు ఇది బాగా పనిచేస్తుంది. ర్యాప్ రాసే పిల్లల దగ్గర మాత్రం ఈ కేసు తీయను. అక్కడ వీధి పేరు, మనుషుల పేర్లు, ఆ ఊరి బూతు, అన్నీ ఉండాల్సిందే. తీసేస్తే ఏమీ మిగలదు. ఐర్లండ్‌లోనే దానికీ మంచి ఉదాహరణ ఉంది. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన నీక్యాప్ అనే త్రయం ఐరిష్ భాషలో, ఇంగ్లిష్‌లో కలిపి ర్యాప్ చేస్తారు, తమ పేటనీ గొడవల్నీ ఏదీ దాచకుండా పెడతారు. ర్యాపర్లు వచ్చిన రోజు లిమరిక్ ఫైలు పక్కన పెట్టి బెల్‌ఫాస్ట్ నుంచి మొదలుపెడతాను.